బండి వాటా

ఇరుసు హౌసింగ్ కింది బోల్టు విప్పగానే చిక్కగా జారాల్సిన గేరు ఆయిల్ పలచటి మజ్జిగలా కారింది. పికప్ కొని అప్పటికి ఏడాది. అంతకుముందు వానాకాలంలో చర్ల దగ్గర ఒక వాగు దాటించాను. ఇంజన్ ఆగలేదు కాబట్టి బండికి ఏమీ కాలేదనుకున్నాను. ఏళ్ల తరబడి లారీల కింద పడుకుని పని చేసిన ఖమ్మం మెకానిక్ ఒకాయన ఆ ఆయిల్‌ని వేళ్ల మధ్య రాసి చూపించాడు. "నీళ్లు తాగింది తమ్ముడూ. దాటిన వారంలో తెస్తే ఆయిల్ మార్పుతో పోయేది. ఇప్పుడు బేరింగులు కూడా పోయినయ్."

పరుగుతో వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చల్లటి వాగులో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీలోకి సీళ్ల సందుల్లోంచి నీళ్లు దూరతాయి. అందుకే ఇప్పుడు వాగు ఒడ్డున పది నిమిషాలు బండి ఆపి, చక్రాల వేడి తగ్గాకే దిగుతాను. దాటాక బ్రేకు మీద కాలు ఆనించి కాస్త దూరం నడిపి లైనర్లు ఆరబెడతాను. ఎక్కడమూ దిగడమూ లెక్కేస్తే పావుగంట. ఆ పావుగంట లేక నాకు పోయింది ఒక నెల సంపాదన.

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం వైపు వెళ్లే బండికి ఊళ్లో తిరిగే బండి సర్వీసు పట్టిక సరిపోదు. తునికాకు సీజన్లో, అంటే ఏప్రిల్, మే నెలల్లో, అడవి బాటల ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టర్ని నిండా కప్పేస్తుంది. కంపెనీ పుస్తకం ఎన్ని వేల కిలోమీటర్లు అన్నా, ఆ రెండు నెలలూ నేను వారానికోసారి ఫిల్టర్ తీసి లోపలి వైపు నుంచి గాలి కొట్టిస్తాను. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలో ఇంకా లోతుకు దిగుతుంది. వానలు మొదలయ్యాక పని గ్రీజు మీదికి మారుతుంది. జాయింటు క్రాసులు, కమాన్ కట్టల పిన్నులు, కింగ్‌పిన్నులు, వేటికి నిపుల్ ఉంటే వాటన్నిటికీ పాత బురద గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా గన్ను కొట్టాలి. ఎండిన పిన్ను చేసే కిర్రుమనే చప్పుడు నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

అన్నిటికంటే నేను భయపడేది డీజిల్లో నీళ్లకు. బంకు దూరమైన ఊళ్లలో డబ్బాల్లో అమ్మే డీజిల్ పోయించుకోక తప్పని రోజులుంటాయి. పాత ఇంజన్లు ఆ డీజిల్ని కొంతవరకు ఓర్చుకునేవి. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లో డీజిల్ వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో వెంట్రుకంత సన్నని రంధ్రాల గుండా పోతుంది. అక్కడికి నీటి చుక్క చేరితే ఇంజెక్టరు తుప్పు పడుతుంది, అరుగుతుంది. నాలుగు ఇంజెక్టర్ల ఖర్చు ముందు నీళ్లను ఆపే డీజిల్ ఫిల్టరు ఖర్చు ఏపాటిది! 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నీళ్లలో నిలబడ్డ బండ్ల యజమానులకు ఫోన్లో ఒకటే చెప్పాను: తాళం తిప్పొద్దు, ముందు ఆయిల్, డీజిల్ తీయించండి అని. సిలిండర్లో చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

డబ్బు విషయానికొస్తే, చాలామంది కిరాయిలోంచి డీజిల్ తీసేసి మిగిలింది సంపాదన అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత డైరీలో రాయడం మొదలుపెట్టాను. నాలుగు టైర్లు 32,000, నా దారిలో 40,000 కిలోమీటర్లు వస్తాయి. అంటే కిలోమీటరుకు 80 పైసలు. పదివేలకోసారి ఆయిల్, ఫిల్టర్లకు 5,000. అది 50 పైసలు. 7,500 కిలోల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి పన్ను కాక 16,049. ఏడాదికి 30,000 కిలోమీటర్లు తిరిగితే 53 పైసలు. క్లచ్, లైనర్లు, బ్యాటరీ, కమాన్ కట్టలు, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా వచ్చే ఫిట్‌నెస్, అన్నీ కలిపితే మూడు రూపాయల దగ్గర ఆగింది.

చర్ల నుంచి ఖమ్మం మార్కెట్‌కు మిర్చి దింపి తిరిగొస్తే సుమారు 360 కిలోమీటర్లు. అంటే 1,080 రూపాయలు నావి కావు, బండివి. ఇంటికి రాగానే వాటిని వేరే డబ్బాలో వేస్తాను. మొదట్లో మా ఆవిడ, "పిల్లల ఫీజుకు తియ్యకూడదా ఇందులోంచి?" అని అడిగేది. ఒక ఏడాది తీశాం కూడా. ఆ ఏడాదే కొత్తది వేయలేక, నున్నటి టైరుతో కొత్తగూడెం దారిలో నలభై బస్తాల మిర్చి మీద చినుకులు పడుతుండగా, సగం తడిసిన టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డాను. ఆ మిర్చి రైతు నన్ను ఒక్క మాట అనలేదు. బస్తాల చుట్టూ తిరుగుతూ చేత్తో తడి చూసుకున్నాడు.

రేపు మళ్లీ చర్ల కిరాయి ఉంది. సాయంత్రం డీజిల్ ఫిల్టర్ కింది మర వదులు చేసి గాజు గ్లాసులో పట్టాను. అడుగున చెంచాడు నీళ్లు తేరాయి. డబ్బా తెరిచి కొత్త ఫిల్టర్‌కు డబ్బులు తీశాను.