చిన్న ఊళ్ళు, చిన్ననాటి జ్ఞాపకాలు, కూలి లెక్కలు

చిన్ననాటి ఊరిని గురించి రాసిన పుస్తకాన్ని విమర్శించడం కష్టమైన పని. కథను విమర్శిస్తే రచయిత ఒప్పుకోకపోయినా వింటాడు. జ్ఞాపకాన్ని విమర్శిస్తే, “నేను చూశాను, నువ్వు చూశావా?” అని అడుగుతాడు. ఆ ప్రశ్న ముందు విమర్శకులు మౌనం వహించడం వల్లనే ఈ ప్రక్రియలో తీపి ఎక్కువై సత్యం పలచబడుతూ వచ్చింది. కాని చూడటం వేరు, చూసినదానికి కారణం తెలుసుకోవడం వేరు. బాల్యస్మృతి సాహిత్యంలో వాస్తవికత అంటే ఈ రెంటినీ కలపగలగడమే. ఈ విషయాన్ని ఇంగ్లండులోని పల్లెల మీద, చిన్న పట్టణాల మీద వచ్చిన రచనల ఆధారంగా చర్చించదలచాను.

ఇంగ్లండే ఎందుకని అడగవచ్చు. పెట్టుబడిదారీ విధానం అందరికంటే ముందుగా పల్లెలోకి అడుగుపెట్టిన దేశం అది. రైతును భూమి నుంచి విడదీసి కూలివాణ్ణి చేసే పని అక్కడ ముందుగా పూర్తయింది. అయినా మన డిగ్రీ విద్యార్థులకు ఆ పల్లె పచ్చిక బయళ్ళుగా, చర్చి గంటలుగా, పూలతోటలుగా మాత్రమే పరిచయం. ఆ పచ్చికకు యజమాని ఎవరన్న ప్రశ్న పాఠ్యపుస్తకంలో ఉండదు.

రేమండ్ విలియమ్స్ 1973లో వెలువరించిన ‘ది కంట్రీ అండ్ ది సిటీ’లో ఒక ముఖ్యమైన విషయం గమనించాడు. అసలైన పాత పల్లె నిన్న మొన్ననే అంతరించిందని ఇంగ్లండులో ప్రతి తరం రచయితా వాపోయాడు. లారీ లీ లెక్క ప్రకారం అది 1920ల ప్రాంతంలో పోయింది. 1912లో ‘చేంజ్ ఇన్ ది విలేజ్’ రాసిన జార్జ్ స్టర్ట్‌కు అప్పటికే పోయింది. 1770లో గోల్డ్‌స్మిత్ ‘ది డెజర్టెడ్ విలేజ్’ రాసేనాటికే పోయింది. వెనక్కి వెళ్ళేకొద్దీ ఆ స్వర్ణయుగం కూడా వెనక్కి జరుగుతూనే ఉంటుంది. విలియమ్స్ దీన్ని కదిలే మెట్లతో పోల్చాడు. అంటే ఈ రచయితల్లో చాలామంది విలపించినది ఒక యుగం కోసం కాదు, తమ బాల్యం కోసం. అంతమాత్రాన ఆ దుఃఖమంతా అబద్ధమని తోసిపారేయడం యాంత్రిక విమర్శ అవుతుంది. ప్రతి కాలంలోనూ ఏదో ఒకటి నిజంగానే పోయింది. పోయింది ఏమిటి, ఎవరి చేతుల్లోంచి పోయింది, ఎవరి చేతుల్లోకి పోయింది అన్నదే ప్రశ్న. దీనికి జవాబు చెప్పే పుస్తకం ఒక రకం, చెప్పకుండా నిట్టూర్చేది మరొక రకం.

మొదటి రకానికి మంచి ఉదాహరణ ఫ్లోరా థాంప్సన్. ఆమె 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని జూనిపర్ హిల్ అనే చిన్న గూడెంలో రాతిపని చేసే మేస్త్రీ ఇంట పుట్టింది. పద్నాలుగేళ్ళకే పోస్టాఫీసులో పనికి కుదిరింది. అరవై దాటాక, 1939లో ‘లార్క్ రైజ్’ వెలువడింది. తర్వాతి రెండు భాగాలతో కలిసి 1945లో ‘లార్క్ రైజ్ టు క్యాండిల్‌ఫోర్డ్’ అనే ఒకే సంపుటమైంది. క్యాండిల్‌ఫోర్డ్ అన్న పేరుతో ఊరు లేదు. తాను ఎరిగిన చుట్టుపక్కల పట్టణాలను కలిపి ఆమె అల్లుకున్న పట్టణం అది. తనను తాను కూడా ‘నేను’ అనకుండా లారా అని పేరు పెట్టి దూరంగా నిలబెట్టింది. ఇది కేవలం శిల్పానికి సంబంధించిన ఎంపిక కాదు. ‘నేను’ అన్నచోట రచయిత్రి తన మీద జాలిపడే ప్రమాదం ఉంది. ‘లారా’ అన్నచోట ఆ పిల్ల కూడా ఊళ్ళో ఒక పిల్ల మాత్రమే. వస్తువు రూపాన్ని నిర్ణయించడమంటే ఇదే.

ఆమె మొదటినుంచీ లెక్క చెబుతుంది. 1880లలో ఆ గూడెంలో వ్యవసాయ కూలీకి వారానికి పది షిల్లింగులు. శుక్రవారం సాయంత్రం చేతికొచ్చిన అర సావరిన్ నాణెం నేరుగా భార్య చేతికి పోయేది. ఆమె తిరిగి ఒక షిల్లింగు ఇచ్చేది. ఇంటింటా ఒక పంది ఉండేది. దాని మేతకు అప్పు ఇచ్చిన వ్యాపారికి ఆ పందిలో సగం ముందే తాకట్టు పడి ఉండేది. మన పల్లెల్లో కళ్ళంలోనే పంట అప్పులవాడికి కొలిచిన కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంకా విలువైనది శాలీ అనే ముసలమ్మ ప్రకరణం. శాలీ చిన్నతనంలో ఆ ఊరు ఒక పచ్చిక చుట్టూ ఉన్న కొద్దిపాటి ఇళ్ళు. చుట్టూ ఉమ్మడి బీడు. ఆవు ఉండేది, బాతులు ఉండేవి, మేపుకోవడానికి చోటు ఉండేది. తర్వాత పార్లమెంటు చట్టాల బలంతో బీడుకు కంచెలు పడ్డాయి. ఉమ్మడి భూమి సొంత భూమి అయింది, దాని మీద బతికినవాళ్ళ పిల్లలు పది షిల్లింగుల కూలీలయ్యారు. రచయిత్రి ఇక్కడ ఉపన్యాసం ఇవ్వదు. లారా కాలపు గూడేన్నీ శాలీ కాలపు గూడేన్నీ పక్కపక్కన పెడుతుంది. పేదరికం అనాదిగా వచ్చింది కాదు, ఫలానా కాలంలో ఫలానా పద్ధతిలో తయారైంది అని పాఠకుడికి బోధపడుతుంది.

ముసలివాళ్ళ పింఛను సంగతి కూడా అటువంటిదే. 1908 చట్టం ప్రకారం 1909 జనవరి నుంచి డెబ్భై దాటిన పేదలకు వారానికి ఐదు షిల్లింగుల వరకు ముట్టింది. డబ్బు అందించిన పోస్టాఫీసు అమ్మాయికి ముసలివాళ్ళు తోటలోని పూలు, ఆపిళ్ళు తెచ్చి ఇచ్చేవారట. హక్కుగా వచ్చిన డబ్బుకు కూడా దయకు చెప్పినట్టు కృతజ్ఞత చెప్పుకున్న మనుషుల్ని చూస్తే, తరాల దాస్యం మనసులో ఎంత లోతుగా దిగుతుందో అర్థమవుతుంది. ఇక ‘లార్క్ రైజ్’ ముగింపు: మొదటి ప్రపంచయుద్ధంలో ఆ చిన్న గూడెం నుంచి పోయిన పదకొండు మంది పేర్లు చర్చి గోడమీది ఇత్తడి రేకు మీద ఉంటాయి. ఐదేసి పేర్లు రెండు వరసలు, చివర ఒంటరిగా లారా తమ్ముడి పేరు. పేర్లను లెక్కపెట్టి ఆపేస్తుంది. అంతకుమించి ఆమె చెప్పవలసిందేమీ లేదు.

ఆమెకూ పరిమితులున్నాయి. కొద్దిపాటితో తృప్తిగా బతికే రహస్యం ఆనాటివాళ్ళకు తెలుసునన్న ధోరణి పుస్తకంలో కనిపిస్తుంది. తృప్తి అన్న మాట పేదవాడి నోట వచ్చినప్పుడు అది ఎంతవరకు తృప్తి, ఎంతవరకు గత్యంతరం లేకపోవడం అన్న ప్రశ్నను ఆమె చివరిదాకా తరచి చూడదు.

లారీ లీ ‘సైడర్ విత్ రోజీ’ 1959లో వచ్చింది. గ్లోస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ పట్టణానికి దగ్గరలోని స్లాడ్ ఆయన ఊరు. స్ట్రౌడ్ ఉన్నితో వస్త్రాలు నేసిన మిల్లుల పట్టణం. ఫ్లోరా థాంప్సన్‌ది లెక్క రాసే చెయ్యి అయితే లీది పాట కట్టే గొంతు. ఆయన వాక్యంలో వాసన, రంగు, చలి, ఆకలి అన్నీ పిల్లవాడి ఒంటికి తగిలినట్టే మనకు తగులుతాయి. కాని ఆ సౌందర్యమే చాలాచోట్ల తెర అవుతుంది. ఇరుకింట్లో ఒక్క తల్లి అంతమంది పిల్లల్ని సాకిన కష్టం కూడా బంగారు కాంతిలో తేలిపోతుంది. అయితే ఆ తెర చిరిగే చోటు ఒకటుంది. జోసెఫ్, హన్నా బ్రౌన్ అనే ముసలి దంపతులు కలిసి బతికినంత కాలం బతికి, ఓపిక ఉడిగాక వర్క్‌హౌస్‌కు తరలింపబడతారు. అక్కడ మగవాళ్ళ విభాగం వేరు, ఆడవాళ్ళ విభాగం వేరు. వారం తిరక్కుండా ఇద్దరూ చనిపోతారు. పేదలను అలా విడదీసి ఉంచడం 1834 నాటి పేదల చట్టం స్థిరపరచిన పద్ధతి. పిల్లవాడు చూసింది రెండు చావులు, వాటి వెనక ఉన్నది ఒక చట్టం. ఆ కొద్ది పేజీల్లో లీ పాట ఆపి మాట్లాడాడు. పుస్తకమంతటిలో నాకు అన్నింటికన్నా బలంగా కనిపించినది ఆ భాగమే.

జ్ఞాపకం ఎంత నిజాయితీగా ఉన్నా ఒక ఇంటి కిటికీలోంచి కనిపించినంతే చూపగలదు. మిగతాది స్థానిక చరిత్ర చూపాలి. ఇంగ్లండులో ఊరి చరిత్ర చాలాకాలం పాదిరీల, జమీందార్ల కాలక్షేపంగా ఉండేది. దానిని పరిశోధనగా నిలబెట్టినవారిలో డబ్ల్యు.జి. హాస్కిన్స్ ముఖ్యుడు. 1948లో లెస్టర్‌లో స్థానిక చరిత్రకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. 1955లో వచ్చిన ఆయన పుస్తకం పొలం గట్టును, కంచెను, కాలిబాటను కూడా దస్తావేజులుగా చదవడం నేర్పింది. 1956లో జార్జ్ ఎవార్ట్ ఎవాన్స్ సఫోక్‌లోని బ్లాక్స్‌హాల్ ముసలి కూలీలను అడిగి వాళ్ళ నోట విన్నదే చరిత్రగా రాశాడు. ఆయన భార్య ఆ ఊరి బడిలో పంతులమ్మ. 1960లలో రస్కిన్ కళాశాలలో రఫాయెల్ శామ్యూల్ ప్రారంభించిన హిస్టరీ వర్క్‌షాప్ ఉద్యమం మరో అడుగు వేసి, చదువుకోవడానికి వచ్చిన కార్మికులచేతనే తమ పనుల చరిత్రను రాయించింది.

ఈ దృష్టితో చూస్తే ఏం దొరుకుతుందో ఒక ఉదాహరణ. 1872లో జోసెఫ్ ఆర్చ్ నాయకత్వంలో ఇంగ్లండు వ్యవసాయ కూలీల సంఘం ఏర్పడింది. మరుసటి ఏడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఆస్కాట్-అండర్-విచ్‌వుడ్‌లో కూలీలు పని మానేశారు. సమ్మెను దెబ్బకొట్టడానికి తెచ్చిన కూలీలను అడ్డుకున్నారన్న నేరం మీద పదహారు మంది స్త్రీలకు చిపింగ్ నార్టన్ అనే చిన్న పట్టణంలో కఠిన శిక్ష వేశారు. ఏడుగురికి పది రోజులు, తొమ్మిది మందికి వారం. వాళ్ళలో చంటిబిడ్డల తల్లులున్నారు. శిక్ష వేసిన మేజిస్ట్రేట్లిద్దరూ చర్చి పాదిరీలు. ఆ రాత్రి పట్టణంలో జనం తిరగబడ్డారు. ఫ్లోరా థాంప్సన్ అదే జిల్లాలో మూడేళ్ళ తర్వాత పుట్టింది. చర్చి గంటల ఇంగ్లండూ, పాదిరీ జైలుకు పంపిన తల్లుల ఇంగ్లండూ వేరు వేరు దేశాలు కావు.

ఇప్పుడు మనకు నేరుగా సంబంధించిన ఒక బాల్యకథ. ష్రాప్‌షైర్‌లోని మార్కెట్ డ్రేటన్ చిన్న సంత పట్టణం. దాని దగ్గర 1725లో రాబర్ట్ క్లైవ్ పుట్టాడు. కుర్రతనంలో చర్చి గోపురమెక్కి, పైన పొడుచుకొచ్చిన రాతిబొమ్మ మీద కూర్చున్నాడని ఊరి కథ. ఊళ్ళోని పోకిరి పిల్లలను పోగుచేసి, అంగళ్ళ కిటికీలు పగలకుండా చూస్తామని చెప్పి దుకాణదారుల నుంచి ఆపిళ్ళు, చిల్లర వసూలు చేశాడని మరో కథ. 1840లో మెకాలే వీటిని తన వ్యాసంలోకి ఎక్కించాడు. ఇంగ్లీషు పాఠకుడు వీటిని ముద్దుగా చదువుకున్నాడు. మనం అలా చదవలేం. క్లైవ్ బెంగాల్ నుంచి పంపిన ఫోర్డ్ సేన 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పట్టుకుంది. 1765లో క్లైవ్ ఢిల్లీ పాదుషా షా ఆలం నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించాడు. కిటికీ కాపలా పేరుతో ఆపిళ్ళు గుంజిన అల్లరిని మన కోస్తా జిల్లాల శిస్తుతో కలిపి చదివితే తప్ప ఆ బాల్యకథ పూర్తికాదు. ష్రూస్‌బరీ కూడలిలో 1860లో నిలిపిన క్లైవ్ విగ్రహాన్ని తీసేయాలని 2020లో ఆ ప్రాంతం వాళ్ళే అడిగారు. కౌన్సిలు ఒప్పుకోలేదు. అయినా, ఊరి జ్ఞాపకం ఎవరిదన్న ప్రశ్న అక్కడ కూడా లేచిందన్నది గమనించాలి.

బాల్యంలోకి కూలి రేట్లు తెస్తే బాల్యం మిగలదని కొందరు మిత్రుల అభ్యంతరం. ఇది సరికాదు. పిల్లవాడి చేత సిద్ధాంతం చెప్పించమని ఎవరూ అడగడం లేదు. పిల్లవాడు చూసింది పిల్లవాడి చూపుతోనే రాయాలి. కాని ఏది ఎంచుకోవాలో, దేని పక్కన దేన్ని పెట్టాలో నిర్ణయించేది రాస్తున్న పెద్దవాడు. ఆ ఎంపికలోనే దృక్పథం ఉంటుంది.

ఈ మాట నేను బడిలో రోజూ చూసే అనుభవంతో అంటున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలను ‘మా ఊరు’ రాయమంటే అందరూ ఒకే ఊరు రాస్తారు. చెరువు, గుడి, పచ్చని పొలాలు, కల్మషం లేని మనుషులు. ఆ పొలం ఎవరిది, అందులో పనిచేసేది ఎవరు, ఆడకూలి ఎంత, మగకూలి ఎంత అని అడిగి మళ్ళీ రాయిస్తే ఎవరి ఊరు వాళ్ళకు వస్తుంది. ఒక పిల్ల తమ వాడకు నీళ్ళ కుళాయి ఏ ఏడు వచ్చిందో అమ్మమ్మను అడిగి రాసుకొచ్చింది. భాషలో తప్పులున్నాయి, కాని ఆ వ్యాసంలో ఊరుంది.

మన పత్రికల్లో ఇప్పుడు చిన్ననాటి ముచ్చట్లు విరివిగా వస్తున్నాయి. రావలసిందే. రాస్తున్నవాళ్ళు మాత్రం తమ ఊళ్ళో శాలీ వంటి ముసలివాళ్ళు ఇంకా ఉన్నప్పుడే వెళ్ళి అడగాలి. చెరువు కింద ఆయకట్టు ఎవరెవరి పేర ఉండేదో, పోరంబోకు ఎప్పుడు ఎవరి పట్టాలోకి వెళ్ళిందో, సమ్మె జరిగిన ఏడు ఎవరెవరిని పోలీసులు పట్టుకెళ్ళారో రాసుకోవాలి. తమ ఇంటి అరుగు మీద కూర్చునే అర్హత ఎవరికి లేకపోయిందో కూడా రాయాలి. ఆ ముసలివాళ్ళు పోతే ఈ సమాచారం ఏ కచేరీలోనూ దొరకదు. ఇది వాయిదా వేయదగిన పని కాదు.