ప్లాస్మా కోతబల్ల – నియంత్రకమును ఎన్నుకొనుట

విద్యుదార్కుతో లోహమును కరిగించి కోయు టార్చిని కంప్యూటరు ఆజ్ఞలపై నడుపు బల్లను ఇంటనే నిర్మించుకొనువారు, నియంత్రకమును కొనునపుడు ధరనే చూతురు. ఇది పొరపాటు.

2009లో వెలువడిన ‘గ్రబ్ల్’ ఉచితము, చిన్న ఆర్డువినో పలకపై నడచును, గీత తప్పదు. కాని ప్లాస్మాకు గీత ఒక్కటే చాలదు. వేడికి రేకు వంగి, టార్చికిని రేకుకును నడుమ ఎడము మారును. ఎడము పెరిగినచో ఆర్కు వోల్టేజి పెరుగును, తగ్గినచో తగ్గును. దీనిని చదివి టార్చి ఎత్తును సవరించు ఏర్పాటు మూల గ్రబ్ల్‌లో లేదు, వేరుగా జతపరుపవలెను.

అమెరికా ప్రభుత్వ ప్రమాణసంస్థలో పుట్టిన ‘లినక్స్ సి.ఎన్.సి.’ కూడ ఉచితమే. దాని ప్లాస్మా విభాగమునకు ఈ విద్య తెలియును. మూల తిరుగునపుడు వేగము తగ్గి కోత వెడల్పగును. ఎత్తు మారకున్నను వోల్టేజి పెరుగును. దానిని నమ్మి టార్చిని దించినచో ముక్కు రేకుకు తగులును. కనుక అట్టి తావున ఇది సవరణను ఆపివేయగలదు. అయితే ప్రత్యేకముగా ఒక కంప్యూటరును, వోల్టేజిని కొలిచి పంపు పరికరమును, నేర్చుకొను ఓపికయు కావలెను.

దళసరి పలకపై చిన్న కోతలకు మొదటిది చాలును. పలుచని రేకుపై పెద్ద పనికి రెండవదే మేలు. ఏ నియంత్రకమునైనను తిన్నని గీతపై కాక, మూల మలుపులో పరీక్షింపవలెను.