అరుగుదలా, అదాటు దెబ్బా కలిసినప్పుడు

2024 ఆగస్టు 10 రాత్రి, జలాశయం నిండుగా ఉన్న వేళ, తుంగభద్ర డ్యామ్ 19వ క్రస్ట్ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు (గేటు స్థానంలో అడ్డుగా దింపే పలకలు) దింపి నీటిని ఆపగలిగారు. డ్యామ్ మాత్రం 1953 నుంచీ నిలిచే ఉంది. ఇన్నేళ్లూ ఆగిన గేటు ఆ రాత్రే ఎందుకు ఆగలేదని అందరూ అడిగారు. గేట్లకూ విమానాలకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ ఈ ప్రశ్నను ముందుగానే వేసుకుని, జవాబును లెక్కలో వెతికేదే విశ్వసనీయతా శాస్త్రం.

ఏ యంత్రభాగమైనా రెండు దారుల్లో చెడుతుంది. ఒకటి అరుగుదల: తుప్పు, రాపిడి, లోహపు అలసట. రెండోది ఆఘాతం: వరద పోటు, పిడుగు, ఒక్కసారిగా పెరిగిన వోల్టేజీ. మొదటిదాన్ని కొలవవచ్చు. రెండోది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఎంత తరచుగా వస్తుందో మాత్రం అంచనా వేయవచ్చు.

అరుగుదల లెక్కకు పునాది స్వీడన్‌లో పడింది. 1924లో పామ్‌గ్రెన్ బేరింగుల మన్నికను పరిశీలిస్తూ, భాగం మీద బరువు పడిన ప్రతిసారీ దాని ఆయుష్షులో కొంత ఖర్చవుతుందనీ, ఆ ఖర్చుల మొత్తం నిండితే భాగం చెడుతుందనీ సూత్రీకరించాడు. 1945లో అమెరికన్ ఇంజనీరు మైనర్ దాన్ని లోహపు అలసటకు విస్తరించాడు. 1951లో స్వీడన్‌కే చెందిన వైబుల్ ప్రచురించిన, భాగాల ఆయుష్షును లెక్కగట్టే సూత్రంలో ఒక్క సంఖ్య చాలా చెబుతుంది. అది ఒకటి కన్నా తక్కువైతే తయారీ లోపాల వల్ల కొత్తలోనే చెడుతున్నట్టు, ఒకటైతే వయసుతో సంబంధం లేకుండా చెడుతున్నట్టు, ఒకటి దాటితే అరిగి చెడుతున్నట్టు.

ఆఘాతాలకు పాయిసన్ లెక్క వాడతారు. ఎప్పుడొస్తాయో తెలియని సంఘటనల అవకాశాన్ని వాటి సగటును బట్టి కట్టే లెక్క ఇది. ఏడాదికి సగటున ఒక పెద్ద దెబ్బ తగిలే భాగాన్ని ఊహించండి. ఒక్కో దెబ్బకు విరిగే అవకాశం నూటికి 1 అయితే, అది పదేళ్లు నిలిచే అవకాశం నూటికి 90. అరుగుదల వల్ల విరిగే అవకాశం నూటికి 10కి పెరిగితే, పదేళ్లు నిలిచే అవకాశం నూటికి 37కు పడిపోతుంది. దెబ్బలు పెరగలేదు, తట్టుకునే బలం తగ్గింది, అంతే.

అందుకే ఈ రెండింటినీ విడివిడిగా లెక్కగట్టి కూడితే ప్రమాదాన్ని తక్కువ అంచనా వేసినట్టే. అరిగిన భాగం చిన్న దెబ్బకే విరుగుతుంది. విరగకుండా తట్టుకున్న దెబ్బ కూడా లోపల పగులు వదిలి అరుగుదలను పెంచుతుంది. 1973లో ఈసరీ, మార్షల్, ప్రోషన్ అనే ముగ్గురు గణితవేత్తలు ఈ పోగుపడే నష్టాన్ని విశ్లేషించారు. దెబ్బలు తగిలే వేగం ఏళ్ల తరబడి మారకపోయినా, ఒక్కో దెబ్బ నష్టం ముందువాటికి కలుస్తూ పోతే ఆ వ్యవస్థకు వార్ధక్యం వస్తుందని నిరూపించారు. ఆ తర్వాత ఇంకా నమూనాలు వచ్చాయి. హద్దు దాటిన ఒక్క దెబ్బకే చెడేవాటికి ఒకటి, దెబ్బకూ దెబ్బకూ మధ్య కోలుకునే వ్యవధి చాలక చెడేవాటికి మరొకటి.

ఈ లెక్కల విలువ నిర్వహణలో తెలుస్తుంది. వయసుతో సంబంధం లేకుండా చెడే భాగాన్ని ఇన్నేళ్లకోసారి అని మార్చడం డబ్బు దండగ. కొత్తది పెట్టినా ప్రమాదం అంతే ఉంటుంది. అరిగి చెడేదాన్ని చెడేదాకా వాడటం ప్రాణాలతో చెలగాటం. ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చేది ఈ శాస్త్రమే.

అయితే సూత్రం ఎంత గొప్పదైనా దానికి అంకెలు అందించాల్సింది క్షేత్రంలో ఉన్నవాళ్లే. గొలుసు లంకె మందం ఏటా కొలవాలి. ప్రతి పెద్ద వరదనూ, అప్పుడు గేటు మీద పడిన ఒత్తిడినీ రిజిస్టరులో రాయాలి. చెడిన భాగాన్ని పాత ఇనుముకు అమ్మేముందు ఎందుకు చెడిందో పరీక్షించాలి. తెలుగు రాష్ట్రాల్లో వయసు మీరిన ప్రాజెక్టులు ఎన్నో ఉన్నాయి. గేట్లకు రంగులు వేయడంతో సరిపెట్టకుండా, ఈ కొలతలకు కూడా నిధులూ సిబ్బందీ కేటాయించాలి.