నిధికి న్యాయమైన వెల: ఆట నియమం, గీటురాయి, ఫణిగిరి కుండ

కీలక పదాలు: జానపద కథ, పాత్రధారణ క్రీడ, నిధి, మజూరి, తరుగు, ఫణిగిరి

1. ప్రవేశిక

తెలుగు జానపద కథలో నిధి దొరకడం ఒక ఘట్టం. దాన్ని అమ్మడం ఘట్టం కాదు. ‘పాతాళభైరవి’ (1951) చిత్రంలో తోట రాముడికి సంపద చేకూరుతుంది గాని, దాన్ని ఏ అంగడిలో ఎంతకు మార్చుకున్నాడన్న ప్రశ్న కథకు అక్కరలేదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడి మణి గొప్పతనం దాని వెలలో లేదు, అడిగిన వింతకు పూర్వవృత్తాంతం తెలియజేసే శక్తిలో ఉంది. కథ దాటవేసిన ఈ అమ్మకాన్ని పాత్రధారణ క్రీడ నియమంగా రాసుకుంది. ఆ నియమంలోని న్యాయమెంత అన్నదే ఈ వ్యాసంలోని పరిశీలన.

2. సగం వెల, పూర్తి వెల

గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడింది. ఇందులో ఆటగాళ్లు వీరుల పాత్రలు ధరించి, నిర్వాహకుడు వర్ణించే బిలాల్లో ప్రవేశించి ధనం సంపాదిస్తారు. 2014 నాటి ఐదవ కూర్పు ప్రకారం చెడిపోని ఆయుధాలకు, కవచాలకు అమ్మకంలో అసలు వెలలో సగం దక్కుతుంది. రత్నాలు, ఆభరణాలు, కళావస్తువులు మాత్రం పూర్తి విలువ నిలుపుకొంటాయి. రాక్షసుల వద్ద దొరికిన ఆయుధాలు అమ్మదగిన స్థితిలో ఉండడం అరుదని కూడా ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. ఈ హెచ్చరికలో సరుకును తిప్పి చూసే వ్యాపారి కన్ను ఉంది. ‘సగం’ అన్న మాటలో అది లేదు. అది కేవలం లెక్క సులువు కోసం పెట్టినది. అయినా సగం వెలను సమర్థించవచ్చు. కొన్నవాడు సరుకు నిలవ ఉంచుకోవాలి, లాభం చూసుకోవాలి. సమర్థించలేనిది ఆభరణానికి ఇచ్చిన పూర్తి విలువ.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో నగ కొన్న కుటుంబానికి ఇది వివరించనక్కరలేదు. కొనేటప్పుడు బంగారం ధరకు తోడు మజూరి, తరుగు, 3 శాతం పన్ను చెల్లిస్తారు. అమ్మబోతే రాళ్ల బరువు, లక్క బరువు తీసివేసి, మిగిలిన లోహానికే వెల కడతారు. 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయిన హాల్‌మార్క్ ముద్ర స్వచ్ఛతపై వాదాన్ని తగ్గించింది గాని, పనితనానికి చెల్లించిన సొమ్మును వెనక్కి తేలేదు. పైగా ఆసుపత్రి ఖర్చుకో విత్తనాలకో నగ అమ్మేవారికి మరో అంగడి తిరిగే వ్యవధి ఉండదు. ఆటలోని వీరుడికి ఈ తొందర లేదు. అందుకే అతడి ఆభరణం తరగదు.

3. చట్టం కట్టిన వెల

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకో కొలత ఇస్తుంది. పది రూపాయలకు మించిన నిధి దొరికినవారు కలెక్టరుకు తెలపాలి. హక్కుదారు లేని నిధిని ప్రభుత్వం తీసుకోదలిస్తే, అందులోని పదార్థం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. ఈ ఐదో వంతు చిన్నదిగా కనిపించినా ఆలోచించి పెట్టినదే అనిపిస్తుంది. కంసాలి కొలిమి లోహం వెల కన్నా తక్కువే ఇస్తుంది. చట్టం ఎక్కువ ఇస్తానంటుంది. కాబట్టి దొరికినవాడు కరిగించకుండా అప్పగిస్తాడన్న ఆశ ఇందులో ఉంది.

ఆ ఆశ బంగారానికి చెల్లుతుంది, సీసానికి చెల్లదు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రపు తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. అందులో ఇక్ష్వాకుల కాలానికి చెందిన 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం. ఒక్కో నాణెం సగటు బరువు 2.3 గ్రాములు, కుండ మొత్తం ఎనిమిదిన్నర కిలోల పైచిలుకు సీసం. తవ్వినది ప్రభుత్వ శాఖే గనుక ఇక్కడ బేరం లేదు. అదే కుండ ఒక రైతు నాగలికి తగిలి ఉంటే చట్టం చూపేది పాత సామాను తూకం ధర, దానిపై ఐదో వంతు. ఏనుగుకు గాని, చిహ్నానికి గాని, మణిసిద్ధుడి మణిలా అవి చెప్పగల వృత్తాంతానికి గాని ఆ లెక్కలో పైసా లేదు. చరిత్రకు వెల కట్టడం కష్టమే. కానీ దొరికినవాడికి ఏమీ మిగలనప్పుడు కుండ కలెక్టరు దాకా రావడం అతడి మంచితనం మీదే ఆధారపడుతుంది.

ఆ కుండనే ఐదవ కూర్పు ఆటలోకి తెస్తే కళావస్తువుగా పూర్తి విలువ పొందుతుందా, సీసంగా తూకానికి పోతుందా అన్నది నిర్వాహకుడు తేల్చాలి. అతడు సీసం అంటే ఆటగాళ్లు కుండను బిలంలోనే వదిలి ముందుకు పోతారు.