మిగిలిన బిళ్ళలు

"మందులు వేసుకుంటున్నారా?" అని అడిగితే "వేసుకుంటున్నామండీ" అనే అంటారు. డాక్టరు మొహం మీద లేదనే మనిషి మా తెనాలి చుట్టుపక్కల అరుదు. అందుకే ఆ ప్రశ్న మానేశాను. "తెచ్చిన సంచి ఇలా ఇవ్వండి" అంటాను.

ఒకసారి రేపల్లె దగ్గరి పల్లె నుంచి తల్లీ కొడుకూ పాసింజరు దిగి వచ్చారు. కుర్రాడిది స్కిజోఫ్రినియా. క్యారీబ్యాగులో రెండు షీట్లు విప్పకుండా ఉన్నాయి, మూడో దాంట్లో నాలుగు బిళ్ళలు. "వాడు బాగానే ఉన్నాడు కదండీ, ఇంకెందుకులే అని..." అంది తల్లి. నేను కేకలేశాను. మళ్ళీ ఎనిమిది నెలలకు ఆటోలో తెచ్చారు, నలుగురు పట్టుకుని. ఆ ఎనిమిది నెలల్లో సగం పాపం నా నోటిదే.

ఈ జబ్బుల్లో మందు మానేది బాగోలేనప్పుడు కాదు, బాగున్నప్పుడు. ఆపిన మర్నాడే తిరగబెడితే నా పని సులువయ్యేది. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా ఇంటిల్లిపాదీ "చూశావా, మానేసినా ఏం కాలేదు" అనుకుంటారు. డిప్రెషన్ మందుల తంటా వేరు. నోరెండడం, మగత మొదటి రోజునుంచే ఉంటాయి. గుణం కనపడేసరికి రెండు మూడు వారాలు. మధ్యలో ఎవరో ఒకరు "అవి మత్తు బిళ్ళలే, అలవాటైపోతాయి" అంటారు. అంతే, షీటు అటకెక్కుతుంది.

బాపట్లలో చదివే ఒకమ్మాయి హాస్టల్లో తన బిళ్ళల్ని విటమిన్ డబ్బాలో పోసుకునేది. మానేయలేదు, దాచుకుంది. ఆ తెలివికి నేను అడ్డు చెప్పలేదు, డబ్బా మీద తేదీ మాత్రం రాసుకోమన్నాను.

2022 ఏప్రిల్‌లో రేపల్లె బాపట్ల జిల్లాలో చేరింది గానీ అక్కడి రైలు ఇప్పటికీ తెనాలికే వస్తుంది. నెలనెలా రావడమంటే ఇద్దరి కూలి, ఛార్జీలు. నాట్లప్పుడూ కోతలప్పుడూ రమ్మంటే ఎవరొస్తారు? 2017 చట్టం మానసిక వైద్యాన్ని హక్కు అంది, పొలం పనులకు మాత్రం సెలవివ్వలేదు. కుదుటపడ్డవాళ్ళకి రెండు నెలల మందులు రాసి, తేదీ వాళ్ళనే చెప్పమంటున్నాను. వాళ్ళు చెప్పిన తేదీకి వాళ్ళే ఎక్కువగా వస్తున్నారు.

మానేయాలనిపిస్తే మానేసే ముందే ఒక మాట చెప్పండి. రాలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ వాళ్ళు ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులడగరు. ఇప్పటికే మానేసి ఉంటే, మిగిలిన బిళ్ళలు పట్టుకుని రండి. కేకలెయ్యను.