వరస, గ్రాఫు, ఉచితం: మాచేయ్ సెగ్వోఫ్‌స్కీ వ్యాసాల్లో సామాజిక వెబ్ విమర్శ

వ్యాస సారాంశం:

సామాజిక వెబ్ అనువర్తనాలను, అంకుర సంస్థలను గురించి వచ్చే రచనల్లో ఎక్కువభాగం వ్యాపార విజయాలను కీర్తించేవే. అటువంటి అనువర్తనాలను స్వయంగా నిర్మిస్తూ, వాటి మూలభావనలను విమర్శించిన రచయితలు అరుదు. పిన్‌బోర్డ్ అనే బుక్‌మార్క్ సేవను నిర్మించి నడిపిన వెబ్ డెవలపర్ మాచేయ్ సెగ్వోఫ్‌స్కీ అటువంటి అరుదైన రచయిత. 2005 నుంచి 2013 వరకు ఆయన వెలువరించిన కొన్ని రచనలను, ప్రసంగాలను సాహిత్య విమర్శ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన విమర్శకు బలం పదాలను నిలదీయడంలో ఉందనీ, ఆయన చూపిన పరిష్కారం తెలుగు రచయితల స్థితికి కొంతవరకే వర్తిస్తుందనీ ఇందులో ప్రతిపాదించడమైంది.

కీలకపదాలు: సామాజిక వెబ్, అంకుర సంస్థ, బంధువాచకాలు, వరస, చందా, డిజిటల్ భద్రత, తెలుగు అంతర్జాల సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

పత్రికల చరిత్ర తెలియకుండా ఆధునిక తెలుగు కథ చరిత్రను రాయలేం. అచ్చుయంత్రం, కాగితం ధర, చందాదారుల సంఖ్య, సంపాదకుని అప్పులు, ఇవన్నీ సాహిత్యానికి బయటి విషయాలుగా కనిపిస్తూనే దాని గతిని నిర్ణయించాయి. గడచిన రెండు దశాబ్దాలలో తెలుగు కవిత్వం, కథ, చర్చ పెద్ద ఎత్తున వెబ్ వేదికలకు చేరాయి. ఆ వేదికలు ఏ ఆలోచనతో నిర్మితమయ్యాయి, ఎవరి డబ్బుతో నడుస్తున్నాయి, ఎందుకు మూతపడుతున్నాయి అన్న ప్రశ్నలు కూడా ఇకపై సాహిత్య చరిత్రకారుల ప్రశ్నలే.

ఈ ప్రశ్నలకు లోపలి మనిషి ఇచ్చిన సమాధానాలుగా సెగ్వోఫ్‌స్కీ రచనలను చదవవచ్చు. పోలండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆయన 2009 జులైలో పిన్‌బోర్డ్‌ను ప్రారంభించారు. చదివిన పేజీల చిరునామాలను దాచుకొని, వాటికి ట్యాగులు తగిలించుకొనే సేవ ఇది. తోటి సంస్థలు ఉచితంగా ఇస్తున్న కాలంలో ఆయన ప్రవేశ రుసుము పెట్టారు. సభ్యుల సంఖ్య పెరిగినకొద్దీ కొత్తగా చేరేవారు చెల్లించే ఆ రుసుము కూడా కొద్దికొద్దిగా పెరిగేది. ఆయన వ్యాసాల్లోని వాదనకు ఈ ఆచరణ వెన్నెముక.

2. ఉపమను పరీక్షించే విమర్శకుడు:

అంకుర సంస్థల సాహిత్యం ఉపమల మీద నడుస్తుంది. 2003లో పాల్ గ్రాహమ్ 'హ్యాకర్స్ అండ్ పెయింటర్స్' అనే వ్యాసంలో ప్రోగ్రామర్లను చిత్రకారులతో పోల్చారు. 2005లో వై కాంబినేటర్ అనే పెట్టుబడి సంస్థను స్థాపించినవారిలో ఆయన ఒకరు. అదే సంవత్సరం సెగ్వోఫ్‌స్కీ 'డాబ్లర్స్ అండ్ బ్లోహార్డ్స్' అనే ఖండన వ్యాసం రాశారు. స్వయంగా చిత్రకళ అభ్యసించిన ఆయనకు ఆ పోలిక అతకలేదు.

మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ఉపమానం, ఉపమేయం రెండూ ఉన్నా సాధారణధర్మం లోపించిందన్నది ఆయన ఆక్షేపణ. ఇద్దరూ ఏదో ఒకటి తయారుచేస్తారన్నంత మాత్రాన పోలిక సిద్ధించదు. ఆ లెక్కన కుమ్మరి, వంటవాడు, తాపీమేస్త్రి కూడా ఆ జాబితాలో చేరతారు. చిత్రకారుణ్ణే ఎంచుకోవడం వెనుక సాదృశ్యం కంటె ప్రతిష్ఠను అరువు తెచ్చుకొనే కోరిక బలంగా ఉంది.

అంకుర సంస్థల పెట్టుబడి విధానంపై ఆయన విమర్శ వ్యంగ్యరూపంలో సాగింది. ఆయన పిన్‌బోర్డ్ తరఫున ఒక ఘనమైన పేరుతో పెట్టుబడి పథకాన్ని ప్రకటించి, ఎంపికైన ఒక్కొక్క సంస్థకు 37 డాలర్లు ఇస్తామన్నారు. పెట్టుబడిదారుల గంభీర ప్రకటనను అనుకరిస్తూనే దానిని నిందించే ఈ రచన వ్యాజస్తుతికి చక్కని ఉదాహరణ. నవ్వు వెనుక ఒక ఆర్థికవాదన ఉంది. వెంచర్ పెట్టుబడి నూరు ప్రయత్నాలలో ఒకటి రెండు అసాధారణంగా పెరగాలని ఆశిస్తుంది. తన ఖర్చులు తాను సంపాదించుకొని, ఒకరిద్దరికి జీవనోపాధి కల్పించే చిన్న సేవ ఆ లెక్కలో వైఫల్యమే. కూరగాయల దుకాణానికి వర్తించని ఈ కొలమానం వెబ్ సేవకు ఎందుకు వర్తించాలన్నదే ఆ వ్యంగ్యం నుంచి తేలే ప్రశ్న.

3. 'సోషల్ గ్రాఫ్', తెలుగు వరసలు:

2007 మే నెలలో జరిగిన ఎఫ్8 సమావేశంతో ఫేస్‌బుక్ 'సోషల్ గ్రాఫ్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది. మనుషులు బిందువులు, వారి సంబంధాలు ఆ బిందువులను కలిపే గీతలు. అదే సంవత్సరం ఆగస్టులో లైవ్‌జర్నల్ నిర్మాత బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ ఈ గ్రాఫు ఒక సంస్థ సొత్తు కాక అందరి ఆస్తి కావాలని వాదించారు. 2011లో 'ద సోషల్ గ్రాఫ్ ఈజ్ నైదర్' అనే వ్యాసంలో సెగ్వోఫ్‌స్కీ అంతకుముందున్న ప్రశ్నను లేవనెత్తారు: అసలు అటువంటి గ్రాఫు ఉన్నదా? ఆయన దృష్టిలో అది గ్రాఫూ కాదు, సామాజికమూ కాదు. సంబంధాలు ఏకపక్షంగా ఉంటాయి, మారతాయి, రహస్యంగా ఉంటాయి. ఒక సంబంధాన్ని బహిరంగంగా ప్రకటించడమే ఆ సంబంధాన్ని మార్చివేస్తుంది.

ఈ వాదనను తెలుగు బంధువాచకాలతో పరీక్షించవచ్చు. వెబ్ పేజీలలో మానవ సంబంధాలను గుర్తించడానికి 2003లో ఎక్స్‌ఎఫ్‌ఎన్ అనే పదపట్టిక రూపొందింది. అందులో స్నేహితుడు, పరిచయస్థుడు, పొరుగువాడు, సహోద్యోగి వంటి మాటలతో పాటు సంతానం, తల్లిదండ్రులు, తోబుట్టువు, జీవిత భాగస్వామి అన్న మాటలున్నాయి. మిగిలిన బంధువులందరికీ 'కిన్' అనే ఒక్క మాట. మేనమామ, తోడల్లుడు, ఆడపడుచు, వియ్యంకుడు అందరూ అందులోనే సర్దుకోవాలి. తోబుట్టువు అన్న మాటలో అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అన్న వయోభేదం గాని, లింగభేదం గాని లేదు.

ఇంగ్లీషులో 'కజిన్' అన్న ఒకే మాటకు తెలుగులో రెండు లోకాలున్నాయి. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్నిల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ, మేనత్తల పిల్లలు బావలు, బావమరదులు, వదినలు, మరదళ్లు. మొదటి వర్గంలో వివాహం నిషిద్ధం. రెండవ వర్గంలో సంప్రదాయం దానిని అనుమతించింది. రెండింటినీ ఒకే గీతతో చూపిన గ్రాఫు తెలుగు కుటుంబాన్ని తప్పుగా చదివినట్టే.

అంతకంటె ముఖ్యమైనది 'వరస' అన్న భావన. రక్తసంబంధం లేని పొరుగింటాయనను 'బాబాయ్' అని పిలవడంతో వరస కలుస్తుంది. ఒకే మనిషి తల్లి వైపు నుంచి ఒక వరస, తండ్రి వైపు నుంచి మరొక వరస అయినప్పుడు ఏ వరసతో పిలవాలో ఆ కుటుంబం నిర్ణయించుకుంటుంది. 'నువ్వు' అన్నవారు ఒక పూట 'మీరు' అంటే ఎడం పెరిగిందని వినేవారికి తెలుస్తుంది. సంబంధం ఇక్కడ పిలుపులో పుట్టి, పిలుపులోనే మారుతుంది.

ఈ సామగ్రి సెగ్వోఫ్‌స్కీ వాదనను బలపరుస్తూనే ఒకచోట సవరిస్తుంది. మానవ సంబంధాలు యంత్రానికి అర్థమయ్యే సూత్రాలకు లొంగవన్న ధోరణి ఆయన వ్యాసంలో కనిపిస్తుంది. కాని తెలుగు, తమిళ బంధువాచకాల వ్యవస్థ ఎంతో నియమబద్ధమైనది. 1871లో లూయిస్ హెన్రీ మోర్గాన్ తన బంధుత్వ పట్టికల్లో ఈ భాషల పదాలను చేర్చింది మొదలు, మానవశాస్త్రజ్ఞులు ఆ నియమాలను దాదాపు గణితంలా వివరించారు. కనుక చిక్కు సూత్రీకరణలో లేదు. వరసను నిర్ణయించే అధికారం పిలిచేవారికీ, పలికేవారికీ మధ్య ఉంటుంది. గ్రాఫులో ఆ అధికారం పట్టికను తయారుచేసిన మూడోవారికి దక్కుతుంది. సెగ్వోఫ్‌స్కీ తాకి కూడా పూర్తిగా విప్పని అంశం ఇదే.

4. 'ఉచితం' అన్న మాటకు రెండర్థాలు:

తెలుగులో 'ఉచితం' అంటే తగినది అని ఒక అర్థం. వెల లేనిది అని మరొకటి. వెల లేనిదంతా తగినదేనా అన్న సందేహమే 2011 డిసెంబరులో వచ్చిన 'డోన్ట్ బీ ఎ ఫ్రీ యూజర్' వ్యాసానికి మూలం. ఉచిత సేవకు ఆదరణ పెరిగేకొద్దీ సర్వర్ల ఖర్చు పెరుగుతుంది, ఆదాయం పెరగదు. చివరకు దానిని పెద్ద సంస్థ కొనుక్కుంటుంది, లేదా అది మూతపడుతుంది. తరచుగా రెండూ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. రుసుము తీసుకొనే సేవకు మాత్రం ప్రతి కొత్త సభ్యుడూ ఆసరా అవుతాడు.

డెలిషియస్ చరిత్ర ఇందుకు నిదర్శనం. 2003లో జాషువా షాక్టర్ ప్రారంభించిన ఈ బుక్‌మార్క్ సేవను 2005 డిసెంబరులో యాహూ కొన్నది. 2010 డిసెంబరులో దానిని వదిలించుకోవాలన్న యాహూ ఆలోచన బయటికి పొక్కింది. 2011లో యూట్యూబ్ స్థాపకుల్లో ఇద్దరు నెలకొల్పిన ఏవోస్ అనే సంస్థకు చేరింది. తరువాత మరికొన్ని చేతులు మారి, 2017లో 35,000 డాలర్లకు సెగ్వోఫ్‌స్కీ చేతికే వచ్చింది. ఆయన పాత బుక్‌మార్కులను చదవడానికి మాత్రం ఉంచి, కొత్తవి చేర్చే వీలును నిలిపివేశారు. ఒకప్పుడు తనను మించిన పోటీదారును రుసుము తీసుకొన్న చిన్న సేవ కొనుక్కోవడం కంటె ఆ వ్యాసానికి బలమైన ఉపపత్తి అక్కరలేదు.

తెలుగు పాఠకులకు ఈ తర్కం కొత్తది కాదు. మన చిన్న పత్రికలు చందాలతో, విరాళాలతో బతికాయి. పిన్‌బోర్డ్ తొలినాటి ఒక్కసారి రుసుము మన 'జీవిత చందా' వంటిదే. ఆ చందాలోని 'జీవితం' చందాదారుడిదా, పత్రికదా అన్న చమత్కారం కూడా మనకు పరిచితమే. పిన్‌బోర్డ్ సైతం తరువాత వార్షిక రుసుముకు మారింది. చందా పత్రికకు ఊపిరి ఇస్తుంది. ఆయుష్షుకు హామీ ఇవ్వదు. పైగా ఒక్క మనిషి నడిపే సేవ ఆ మనిషి ఆరోగ్యం మీద, ఆసక్తి మీద ఆధారపడుతుంది. ఒకే సంపాదకుని భుజాల మీద నడిచిన పత్రికల విషయంలో మనం చూసినది ఇదే.

5. పాఠకుల శ్రమ:

ఆయన రచనల్లో అత్యంత విలువైనది 2013 నాటి 'ఫ్యాన్ ఈజ్ ఎ టూల్-యూజింగ్ యానిమల్' ప్రసంగం. తమకు నచ్చిన ధారావాహికల, నవలల పాత్రలతో కొత్త కథలు అల్లే అభిమానులు డెలిషియస్‌ను ఒక గ్రంథాలయ సూచికగా మలచుకున్నారు. కథలో జంట ఎవరు, నిడివి ఎంత, ఏ వయసువారికి తగినది అన్న వివరాలను ట్యాగులుగా పెట్టుకున్నారు. జంటల పేర్ల మధ్య ఏటవాలు గీత వారి పద్ధతి. 2011 సెప్టెంబరులో కొత్త యాజమాన్యం సేవను తిరగరాసినప్పుడు ఆ గీతతో వెతకడమే సాధ్యం కాలేదు. ఏళ్ల తరబడి కూర్చిన సూచిక ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది.

తమకు ఏమి కావాలో చెప్పమని సెగ్వోఫ్‌స్కీ వారిని అడిగి, ఒక ఉమ్మడి పత్రాన్ని తెరిచి ఇచ్చారు. ఒకరికొకరు ముఖపరిచయం లేని అనేకులు దానిలో చేరి, తామే విషయసూచిక ఏర్పరచుకొని, తగవులు తీర్చుకొని, సుదీర్ఘమైన అవసరాల పట్టికను సిద్ధం చేశారు. దానిని ఆధారం చేసుకొని ఆయన పిన్‌బోర్డ్‌ను సవరించారు. ఆయన ఈ కథను మంచి వినియోగదారులను గౌరవించాలన్న నీతిగా చెబుతారు. కాని ఈ కథలో అంతకు మించిన అర్థముంది. రుసుము చెల్లించేవాడు, సేవ అందించేవాడు అన్న రెండు పాత్రలకు తోడు ఇక్కడ మూడవది ఉంది: తమ సాహిత్యాన్ని తామే వర్గీకరించి కాపాడుకొనే పాఠకసమూహం. ఈ సమూహాల నుంచే లాభాపేక్ష లేని 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే కథాభాండారం 2009లో అందరికీ తెరుచుకొని, నేటికీ విరాళాలతో, స్వచ్ఛంద శ్రమతో నడుస్తున్నది. తన కథలోనే ఉన్న ఈ పరిష్కారాన్ని సెగ్వోఫ్‌స్కీ సిద్ధాంతీకరించలేదు.

6. తెలుగు స్థితికి అన్వయం:

డాలర్లలో రుసుము, దానికి అంతర్జాతీయ కార్డు అంటే ఊళ్లో ఫోన్‌పై కవిత రాసే విద్యార్థిని మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. ఆమెకు ఉచిత వేదిక సోమరితనం వల్ల చేసుకున్న ఎంపిక కాదు. అందుబాటులో ఉన్న ఏకైక వాకిలి. 'ఉచిత వినియోగదారుగా ఉండకండి' అన్న హితవు చెల్లించగలిగినవారికి చెప్పినది. ఆ వాకిలి శాశ్వతం కాదన్న హెచ్చరిక మాత్రం ఆమెకూ వర్తిస్తుంది. 2004లో మొదలై భారతదేశంలో విశేష ఆదరణ పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ సాధారణ వినియోగదారులకు 2019 ఏప్రిల్‌లో ముగిసింది.

వీటికి భిన్నమైన నమూనాలు తెలుగులోనే ఉన్నాయి. 1998లో ప్రారంభమైన 'ఈమాట' స్వచ్ఛంద సంపాదకుల కృషితో సాగుతున్నది. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా పాఠకులే రచయితలుగా, విరాళాలే ఆధారంగా నిలిచింది. వీటిలో చదివేవారు రుసుము చెల్లించరు. అయినా సెగ్వోఫ్‌స్కీ వర్ణించిన ఉచిత సేవల గతి వీటికి పట్టలేదు. కారణం స్పష్టం. ఎవరికో అమ్మివేయడానికి వీటిని నిర్మించలేదు.

7. ముగింపు:

సామాజిక వెబ్ గురించి 'డబ్బు ఎవరు చెల్లిస్తారు?' అని సెగ్వోఫ్‌స్కీ సూటిగా అడిగారు. పదాల డొల్లతనాన్ని బయటపెట్టే ఆయన పద్ధతి తెలుగు విమర్శకులకు అనుసరణీయం. తెలుగు సాహిత్యం వైపు నుంచి దానికి 'ఎవరు కాపాడతారు?' అన్న రెండవ ప్రశ్నను చేర్చవలసి ఉంది. దీనికి విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు సమాధానంలో భాగం కాగలవు. అంతర్జాల సాహిత్యంపై పరిశోధన చేసేవారు వెబ్ చిరునామాతో సరిపెట్టక, రచయిత అనుమతితో తేదీ వేసిన ప్రతిని సిద్ధాంత గ్రంథంతో పాటు గ్రంథాలయానికి అప్పగించడం నియమం కావాలి. బహిరంగ పేజీలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నమోదు చేయడం ఏ విద్యార్థికైనా కొద్ది నిమిషాల పని. తాళపత్రాలను ఇల్లిల్లూ తిరిగి సేకరించిన పండితుల వారసులకు ఇది భారం కారాదు. ఆనాటి తాళపత్రానికి చెద పట్టడానికి ఏళ్లు పట్టేది. ఈనాటి వేదిక మూతపడడానికి ఒక్క ప్రకటన చాలు.