లీలావతి కథ: ఒక విమర్శ

మన సభలలో స్త్రీవిద్యను గూర్చి మాటలాడవలసి వచ్చినప్పుడెల్ల లీలావతి పేరు వినబడును. భాస్కరాచార్యుడు తన కూతునకు గణితము నేర్పెననియు, కావున మన దేశమున స్త్రీకి ఆ శాస్త్రమున ఏ కొరతయు లేదనియు ఉపన్యాసకులు సెలవిత్తురు. ఈ కథను ఇంత సంతోషముతో చెప్పదగునా యని మా సందేహము.

కథ ఎల్లరకు తెలిసినదే. గడియగిన్నెలో ముత్యము పడి రంధ్రము మూసికొనెను, లగ్నము తప్పెను, పెండ్లి నిలిచిపోయెను, ఓదార్పుగా తండ్రి తన గ్రంథమునకు కూతురి పేరు పెట్టెను. గ్రంథము క్రీ.శ. 1150 నాటిది. ఈ కథయో, 1587లో అక్బరు ఆనతిపై ఫైజీ చేసిన పారసీకానువాదముతో వచ్చినది, మూలమున లేదు. మూలమున ఉన్నది వేరు. లేడికన్నుల బాలను పిలిచి, 135ను 12చే గుణించిన నెంతయని ఆచార్యుడు అడుగును. 1620 అని ఉత్తరమును తానే వ్రాయును. ప్రశ్నలు సొగసైనవే, జీవితమంతయు లెక్కల నడుమ గడపిన మావంటి గుమాస్తాలకు చదువ చదువ ఇంపు గొలుపునవి. కాని ఆ బాల ఎచ్చటను నోరు విప్పదు.

విశ్వవిద్యాలయములును చిరకాలము స్త్రీని ఇట్లే కూర్చుండబెట్టినవి. 1890లో కేంబ్రిడ్జి గణిత పరీక్షయందు ఫిలిప్పా ఫాసెట్ ప్రథమ రాంగ్లరును మించెను. ఆ మాట బహిరంగముగనే చదివిరి; పట్టము మాత్రము ఈయలేదు. అచ్చట స్త్రీలకు పట్టములు 1948లో గాని రాలేదు. ఆ యేడే ఆమె కన్నుమూసెను. గాటింగెనులో ఎమ్మీ నోతరు చెప్పిన పాఠములు హిల్బర్టు పేర ప్రకటింపబడెను. సొంత పేరున బోధించు అధికారము 1919లో వచ్చెను గాని, జీతము దానితో రాలేదు.

2010లో హైదరాబాదున జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో లీలావతి పేర ఒక బహుమతి తొలిసారి ఇచ్చిరి. గణితమును జనసామాన్యమునకు చేర్చినవారికి అది. 2022 వరకు దానిని పొందిన నలుగురును పురుషులే! ఆ సభలోనే, చెన్నైలో చదివిన రామన్ పరిమళగారు ప్రధానోపన్యాసము చేసిరి. మన ఉపన్యాసకుల నోట ఆ పేరు మేము ఇంతవరకు వినలేదు.

ఇతరులను అననేల? మా పెద్ద కుమార్తెకు ఎం.ఎస్సీ. గణితమున సీటు వచ్చిన మాసముననే సంబంధము కుదిరెను. ఫైజీ కథలో పెండ్లి తప్పినందున గణితము దక్కినది. మా యింట పెండ్లి కుదిరినందున గణితము తప్పినది. వియ్యాలవారు అడ్డు చెప్పలేదు. సీటు వలదని కళాశాలకు ఉత్తరము మేమే వ్రాసితిమి, అమ్మాయిని అడుగకయే. నకలు నేటికిని మా దస్త్రమున ఉన్నది.